తడి ఇసుక, పొడి వీపు

నాలుగు రోజుల్లో నాకు పదకొండు అబద్ధాలు చెప్పారు. అందులో ఒక్కటైనా కేసుకు సంబంధించిన అబద్ధమైతే ఇంత విసుగొచ్చేది కాదు. క్లబ్బు వంటమనిషి ఆలస్యంగా వచ్చిన సంగతి దాచడానికి చెప్పాడు. ఒక ఆటగాడు తన వెన్నునొప్పి ఎవరికీ తెలియకూడదని, ఫిజియో గదిలో గడిపిన అరగంటని బాత్రూములో గడిపినట్టు చెప్పాడు. ఇంకొకాయన ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియదు, అలవాటు కొద్దీ చెప్పినట్టున్నాడు. ఒక్కొక్కటీ విప్పి చూస్తే లోపల ఏమీ లేదు, ఉల్లిపాయ ఒలిచినట్టు. నా కళ్లు మండడం ఒక్కటే మిగిలింది.

టీవీలో కనిపించే పెద్ద గోల్ఫ్ టూరుకి, అంటే ఏడాది పొడవునా సాగే పోటీల వరసకి, ఒక మెట్టు కింద ఇంకో టూరు ఉంది. అందులో ఆడేవాళ్లు పది నెలల పాటు సొంత కార్లలో ఊరూరూ తిరుగుతారు. ఒక గదిలో ఇద్దరు సర్దుకుంటారు. చొక్కాలు హోటల్ సింకులో ఉతుక్కుంటారు. సీజను చివర పాయింట్ల పట్టికలో మొదటి ఇరవై మంది పై టూరుకి వెళతారు. ఇరవై ఒకటో మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఇక్కడ జరుగుతున్నది సీజనులో ఆఖరి పోటీ. ఈ రోజు ఆదివారం, ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి పట్టిక మూసేస్తారు.

ఆ పట్టికలో పద్దెనిమిదో స్థానంలో ఉన్న ఇరవై ఏడేళ్ల ఆటగాణ్ని తోటివాళ్లు 'నిదానం' అని పిలుస్తారు. ఒక్కో దెబ్బకీ అంతసేపు ఆలోచిస్తాడట. గురువారం ఉదయం ఆరూ అయిదుకి, ప్రాక్టీసు కోసం తవ్విన ఇసుక గుంతలో, అంటే బంకర్లో, వెల్లకిలా పడి ఉన్నాడు. స్పృహ లేదు. ఎడమ కణత మీద దెబ్బ. పక్కన ఎర్ర గీత ఉన్న ప్రాక్టీసు బంతి ఒకటి. గుంత వెనక ఎత్తుగా వల కట్టి ఉంది, అది దాటితే బంతులు కొట్టే మైదానం. అది అయిదూ నలభై అయిదుకి తెరుస్తారు. ఎవరో కొట్టిన బంతి వల మీదుగా వచ్చి తగిలింది, ప్రమాదం, అని ఇన్‌స్పెక్టర్ శుక్రవారం మధ్యాహ్నానికల్లా తేల్చేశాడు. ఆయన ధీమా అంతా ఒక్క సాక్ష్యం మీద నిలబడింది. అయిదూ నలభై అయిదుకి నిదానం నిలబడి బంతులు కొడుతుండగా చూశానని అతని మేనమామ చెప్పాడు. ఆ మేనమామే అతని క్యాడీ. మేనల్లుడి బ్యాగు మోస్తూ, గాలి ఎటు ఉందో చెబుతూ పదేళ్లుగా వెంట తిరుగుతున్నాడు.

ఈ కేసుకి డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది నిదానం అక్క. చిన్నపిల్లల బడిలో టీచరు, నన్నూ అక్కా అనే పిలుస్తుంది. నిన్న మధ్యాహ్నం ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ నా చేతిలో పెట్టి, "వాడి బట్టలక్కా, ఉతకబుద్ధి కాలేదు" అంది. ఈ పొద్దున హోటల్ బల్ల మీద ఆ బట్టలు పరిచాను. పరిచి చాలాసేపు చూశాను. తర్వాత ఆ సంచీ పట్టుకుని తిన్నగా మేనమామ దగ్గరికి వెళ్లాను.

ఆయన కార్ల షెడ్డులో, వాళ్ల పాత కారు డిక్కీ తెరిచి అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బంతి కొట్టే గోల్ఫ్ కర్ర ఒకటి. గుడ్డతో దాని ఇనుప తల తుడుస్తున్నాడు. తుడిచినవి పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. వాటితో ఈ రోజు ఆడేవాళ్లెవరూ లేరు.

"బాబాయ్ గారూ, ఇంకొక్కసారి చెప్పండి. గురువారం ఎన్నింటికి చూశారు?"

"చెప్పాను కదమ్మా. అయిదూ నలభై అయిదుకి. నిలబడి కొడుతున్నాడు."

"ఏ చొక్కా?"

"నీలం చొక్కా."

"తడిసి ఉందా, పొడిగా ఉందా?"

చెయ్యి ఆగింది. నేను సంచీలోంచి చొక్కా తీసి డిక్కీలో పరిచాను.

"ఇటు చూడండి. ముందువైపంతా తెల్లటి చుక్కలు. నీళ్లు ఆరిన మరకలు. ప్యాంటు మీద కూడా ముందువైపే, బూట్ల దాకా. ఇప్పుడు వీపు చూడండి, ఒక్క మరక లేదు. అంటే నీళ్లు పడుతున్నప్పుడు మీ మేనల్లుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఈ మైదానంలో స్ప్రింక్లర్లు తిరిగేది అయిదుంపావు నుంచి అయిదున్నర దాకా. క్లబ్బు ఆఫీసులో బోర్డు మీద రాసి ఉంది. అయిదుంపావుకే పడిపోయినవాడు అయిదూ నలభై అయిదుకి లేచి బంతులు కొట్టి, మళ్లీ అదే చోట పడుకున్నాడా?"

ఆయన నా ముఖం చూడకుండానే అన్నాడు.

"నేను అయిదింటికి రావాలమ్మా. మోకాలి నొప్పికి మాత్ర వేసుకుని పడుకున్నాను. అలారం వినబడలేదు. వచ్చేసరికి ఆరు దాటింది. వచ్చి చూస్తే వాడు..."

"మరి చూశానని ఎందుకు చెప్పారు?"

"పదేళ్లలో ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. ఆ ఒక్కరోజే. వాళ్లక్కకి ఏం ముఖం పెట్టుకుని చెప్పను? టైముకి వచ్చాను, చూశాను, బ్యాగు తేవడానికి వెళ్లాను, ఈలోపు ఇలా జరిగింది అని చెబితే, కాస్త..."

పన్నెండో అబద్ధం. ఇది మాత్రం కేసుకు సంబంధించిందే. దాన్ని పట్టుకుని ఒక ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశాడు, నేను మూడు రోజులు ఆ వల చుట్టూ గానుగెద్దులా తిరిగాను. నాలుగు మాటలు అనాలని నోటి దాకా వచ్చింది. ఆయన తుడిచిన ఇనుప తలనే మళ్లీ తుడవడం మొదలుపెడితే మింగేశాను.

"సరే. అయిదింటికి అతను అక్కడ ఉంటాడని ఎవరికి తెలుసు?"

"ఎవరితోనో మాట్లాడాలన్నాడమ్మా. బుధవారం సాయంత్రం ఆ మనిషికి ఫోన్ చేసి అయిదింటికి రమ్మన్నాడు. ఎవర్నిరా అంటే, 'పెద్దవాడు మామా, పదిమందిలో పెట్టేముందు ఆయనకి చెప్పడం మర్యాద' అన్నాడు. అంతకుమించి వాడి నోట్లోంచి మాట రాదు, వాడి తీరే అంత."

"ఏ సంగతి?"

ఆయన బ్యాగు జేబు తెరిచి ఒక బంతి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద సిరాతో రెండు ఆకుపచ్చ చుక్కలు పెట్టి ఉన్నాయి. తన బంతిని గుర్తుపట్టడానికి ప్రతి ఆటగాడూ అలా ఏదో గుర్తు పెట్టుకుంటాడు.

"ఇది మావాడిది కాదు. అల్లుడుగారిది" అన్నాడు.

అల్లుడుగారంటే పట్టికలో ఇరవయ్యో స్థానంలో ఉన్న ఆటగాడు. నాలుగు రోజులుగా అందరూ ఆ పేరుతోనే పిలుస్తుంటే వింటున్నాను. నున్నటి ముఖం, ఇస్త్రీ చెదరని బట్టలు. వాలకం చూసి పెట్టిన పేరనుకున్నాను.

మేనమామ చెప్పిన కథ ఇది. రెండు వారాల కిందట, దీనికి ముందు పోటీలో, నిదానమూ అల్లుడుగారూ కలిసి ఆడారు. అలా ఆడినప్పుడు ఒకరి స్కోరు ఇంకొకరు రాయాలి. పదహారో హోలు దగ్గర అల్లుడుగారి బంతి పొదల్లోకి పోయింది. వెతకడానికి మూడు నిమిషాలే గడువు. దొరక్కపోతే శిక్ష పడుతుంది, పాయింట్లు పోతాయి. గడువు ముగుస్తుందనగా పొదల్లోంచి ఎవరో దొరికిందని కేకేశారు. ఆట సాగింది. మర్నాడు పొద్దున నిదానం ఒక్కడే వెనక్కి వెళ్లి, అదే పొదల్లో పది అడుగులు లోపల, ఈ బంతి ఏరుకొచ్చాడు.

"తెచ్చి నాకు చూపించి, 'ఇది అక్కడుంటే నిన్న ఆయన ఆడింది ఏ బంతి మామా' అన్నాడు. ఆ స్కోరు కింద సంతకం పెట్టింది వాడేగా. రెండు వారాలూ సరిగ్గా తినలేదు."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"వాళ్లు అడగలేదమ్మా."

"నాకు?"

"మీరూ అడగలేదు."

నిజమే, అడగలేదు. బంతిని జేబురుమాలులో చుట్టుకుని బంకరు వైపు నడిచాను.

నాకంటే ముందే ఇన్‌స్పెక్టర్ అక్కడ ఉన్నాడు. ఆఖరి రోజు గొడవేమీ జరక్కుండా చూడమని పైనుంచి చెప్పారట, గుంత గట్టు మీద చేతులు కట్టుకుని కాపలా కాస్తున్నాడు. పని తెలిసినవాడే. తేల్చేశాననుకున్నది మళ్లీ కదిపితే మాత్రం పంటికింద రాయి పడ్డట్టు ముఖం పెడతాడు.

"మేడమ్, మీరింకా ఉన్నారా? కేసు శుక్రవారమే అయిపోయిందే."

"మీకు అయిపోయింది. ఆస్పత్రిలో ఉన్నవాడికి ఇంకా అవలేదు. మీ సాక్షి మాట మార్చుకున్నాడు ఇన్‌స్పెక్టర్ గారూ. అయిదూ నలభై అయిదుకి అతను చూసింది తన దిండుని."

చొక్కా చూపించాను, మరకలు చూపించాను. ఆయన వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మేనమామ సీసాలో నీళ్లు ముఖాన కొట్టాడు. నా రిపోర్టులోనే ఉంది."

"ముఖాన కొట్టిన నీళ్లు బూట్ల దాకా వెళ్లాయా?"

"మంచు."

"మంచు తెల్ల మరకలు పెడుతుందా? మీ ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"చూడండి, మీకు ఫీజు రావాలంటే ఇది నేరం కావాలి. నాకు అలాంటి అవసరం లేదు."

"మీ అవసరం నాకు తెలుసు. అయిదింటి దాకా అంతా సవ్యంగా ఉండాలి. ఒక్క మాట మీద మేడ కట్టేసి, కింద పునాది ఉందో లేదో తొంగి కూడా చూడలేదు మీరు."

ఆయన నోరు తెరవబోయాడు. వెనకనుంచి, "గట్టు దిగండి ఇద్దరూ" అని గొంతు వినబడింది. గ్రీన్‌కీపర్. ఈ మైదానంలో ప్రతి గడ్డిపోచకీ, ఒక్కో హోలు చుట్టూ నున్నగా కోసి ఉంచే 'గ్రీను'లకీ జవాబుదారీ ఆయనే. నడుముకి తాళాల గుత్తి, చేతిలో వాకీటాకీ. అది ఆపకుండా గరగరలాడుతోంది. "ఏడో గ్రీను దగ్గర రెఫరీ గారు కావాలి, ఆటగాళ్లు ఆగిపోయారు, రెఫరీ గారూ వినబడుతోందా" అని ఎవరో పిలుస్తూనే ఉన్నారు. జవాబిచ్చేవారు లేరు.

"ఆ అంచు మీద నిలబడితే గడ్డి ఊడొస్తుంది. పోలీసులైతే గడ్డికి తెలుస్తుందా?"

ఇన్‌స్పెక్టర్ దిగాడు. నేనూ దిగి చొక్కా ఆయన ముందు పెట్టాను. ఆయన వేలితో ఒక మరక గీకి, నాలుకకి రాసుకుని చూశాడు.

"ఇది మా బోరు నీళ్లే. ఉప్పు. నా ప్యాంటు చూడండి, సగం తెలుపే. సీసా నీళ్లకి ఇలా కాదు."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాను. ఆయన వల వైపు చూస్తున్నాడు.

"అయితే గురువారం అయిదుంపావుకి స్ప్రింక్లర్లు తిరిగినప్పుడు తడిసింది. అంతేగా?" అన్నాను.

"ఎక్కడ తడిసింది?"

"ఇక్కడే. ఈ బంకర్లో."

"కుదరదు. పోటీ జరిగే వారం ప్రాక్టీసు వైపు నీళ్లు పెట్టం. పొద్దున్నే ఆటగాళ్లు వస్తారు కదా. సోమవారమే నా చేత్తో ఆపేశాను. బోర్డు మీద ఉన్న టైము మిగతా మైదానానికి."

"మరి ఆ రోజు ఇసుక తడిగా లేదా?"

గ్రీన్‌కీపర్ నుదురు ముడిపడింది. "ఉంది. చుట్టూ గడ్డి కూడా తడే. పైపు కారిందనుకుని తిట్టుకున్నాను. మధ్యాహ్నం తవ్వించి చూస్తే పైపు బాగానే ఉంది."

"ఎవరికైనా చెప్పారా?"

"రెఫరీ గారికి చెప్పాను. సరే, పోటీ అయ్యాక చూద్దాంలే, ఎవరికీ చెప్పి కంగారు పెట్టకు అన్నారు."

ఇన్‌స్పెక్టర్ మొదటిసారి నావైపు తిరిగాడు. ముఖంలో వెటకారం లేదు. "నీళ్లు ఎక్కడినుంచి వదులుతారు?" అని గ్రీన్‌కీపర్ని అడిగాడు.

పంపు షెడ్డు బంకరుకి నలభై అడుగుల దూరంలో ఉంది. లోపల డీజిలు వాసన, చుట్టలు చుట్టిన రబ్బరు గొట్టాలు, గోడకి ఇనుప పెట్టె. గ్రీన్‌కీపర్ తాళం తీశాడు. లోపల చిన్న తెర. ఏ వైపు ఎప్పుడు నీళ్లు వదిలారో దానంతటదే రాసుకుంటుందట. ఇన్ని రోజుల్లో నిజం చెప్పిన మొదటి సాక్షి అదే, దాన్నీ ఎవరూ అడగలేదు. ఆయన మీట నొక్కుతూ వెనక్కి వెళ్లాడు. ఆదివారం, శనివారం, శుక్రవారం. గురువారం దగ్గర ఆగాడు.

ప్రాక్టీసు వైపు. చేత్తో వదిలినది. మొదలు అయిదూ పదిహేడు. ఆపినది అయిదూ ఇరవై తొమ్మిది.

నా లెక్క ఒకటి రెండు నిమిషాల తేడాతో సరిపోయింది, కారణం మాత్రం తలకిందులైంది. నీళ్లు పడే టైముకి అతను పడి ఉండటం కాదు జరిగింది. అతను పడి ఉన్నాడు కాబట్టే నీళ్లు వదిలారు. ఇసుకలో అడుగుల గుర్తులు చెరిగిపోవాలి, నీళ్లు తిరుగుతున్నంతసేపూ అటు ఎవరూ రాకూడదు. ఆ పని చేసినవాడికి మైదానం బాగా తెలుసు.

"ఈ పెట్టెని ఇంకెవరూ ముట్టుకోకూడదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు మారింది. "తాళాలు ఎన్ని?"

"రెండే. ఒకటి ఇది, నా నడుం దాటదు. ఆ టైముకి నేను పద్నాలుగో గ్రీను దగ్గర ఉన్నాను, కోత యంత్రం మీద. పనివాళ్లు ముగ్గురున్నారు, అడగండి."

"రెండోది?"

"పోటీ వారంలో రెఫరీ గారి దగ్గర ఉంటుంది. నీళ్లు ఎప్పుడు ఆపాలో వాళ్ల ఇష్టం కదా."

నాకు రెఫరీ గుర్తొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్లటి టోపీ. మొదటి రోజు నాకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, "పాపం ఆ కుర్రాడు నా చేతుల మీద పెరిగాడమ్మా" అన్నాడు. గురువారం నాలుగూ యాభై నుంచి పద్నాలుగో గ్రీను దగ్గరే ఉన్నానని చెప్పాడు. రాసుకున్నాను.

"ఆ రోజు మీతో పాటు రెఫరీ గారు ఉన్నారా?"

"ఉన్నారు. అయిదూ నలభైకి వచ్చారు. అంతకుముందు వాకీటాకీలో పిలిస్తే పదకొండో గ్రీను దగ్గర ఉన్నానన్నారు."

ఒక్క ప్రశ్న మిగిలింది. అరవై ఏళ్లు వచ్చిన మర్యాదస్థుడు ఎవరి బంతి కోసం ఇంత పని చేస్తాడు? అడగడానికే సిగ్గేసింది. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

"ఇక్కడ ఒకాయన్ని అందరూ అల్లుడుగారు అంటారే. ఎవరికి అల్లుడు?"

గ్రీన్‌కీపర్ నావైపు వింతగా చూశాడు. "రెఫరీ గారికి. పెద్దమ్మాయిని ఇచ్చారు. మీకు తెలీదా?"

"ఎవరూ చెప్పలేదు."

"అందరికీ తెలిసిందేగా అని చెప్పి ఉండరు."

నేను ఇన్‌స్పెక్టర్ని చూశాను. ఆయనకీ తెలియదని ముఖమే చెబుతోంది. ఇద్దరం కలిసి నూట యాభై మందిని ప్రశ్నించాం. ఇల్లంతా వెతికి కళ్లజోడు నెత్తి మీద ఉందని తెలిసినవాళ్లలా నిలబడ్డాం. జేబులోంచి రెండు చుక్కల బంతి తీసి ఆయన చేతిలో పెట్టి, మేనమామ చెప్పింది, నిదానం రమ్మన్న ఆ 'పెద్దవాడు' ఎవరై ఉంటాడో, నాలుగు వాక్యాల్లో చెప్పాను. ఆయన గ్రీన్‌కీపర్ చేతిలోంచి వాకీటాకీ అందుకుని, "రెఫరీ ఇప్పుడు ఎక్కడున్నారు?" అన్నాడు.

అవతలి గొంతులో విసుగు. "మేమూ అదే వెతుకుతున్నాం సార్. అరగంట కిందట ఎవరిదో ఫోన్ వచ్చింది. మాట్లాడి కారు తీసుకుని వెళ్లిపోయారు. ఆఖరి రోజు, ఆట మధ్యలో, ఎవరైనా వెళతారా?"

నా ఫోన్ మోగింది. నిదానం అక్క.

"అక్కా, తమ్ముడు కళ్లు తెరిచాడు." ఏడుస్తోంది, నవ్వుతోంది. "నన్ను గుర్తుపట్టాడు. నీళ్లు కావాలన్నాడు. డాక్టరు చూసి, ఇంక భయం లేదన్నారు. నిన్ననే మామూలు గదిలోకి మార్చారు కదా, కిటికీ తెరవమన్నాడు."

"ఇంకేమైనా చెప్పాడా?"

"ఏదో చెప్పబోయాడు. నేనే ఆయాసపడొద్దన్నాను."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"మీకంటే ముందు రెఫరీ గారికి చేశానక్కా. ఏమీ అనుకోకండి. నాలుగు రోజులుగా పొద్దునా సాయంత్రమూ ఫోన్ చేసి అడుగుతున్నారు పాపం. కళ్లు తెరిచిన నిమిషంలో నాకే ముందు చెప్పాలి తల్లీ, అందరికీ చెబితే జనం మీద పడతారు అన్నారు. చెప్పగానే బయల్దేరారు. ఇప్పుడే వచ్చారు."

ఇన్‌స్పెక్టర్‌కి వినబడేలా స్పీకరు పెట్టాను. "ఇప్పుడు నువ్వెక్కడున్నావు?"

"కింద మందుల షాపులో. 'నువ్వు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, కిందికెళ్లి మందులు తెచ్చుకుని ఏదైనా తినిరా, నేను కూర్చుంటాను' అన్నారు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. జీపు తలుపు తెరుస్తూ, "ఆ గది దగ్గర మీ కానిస్టేబుల్ ఉన్నాడా?" అని నేను అరిస్తే, "శుక్రవారమే తీసేశాను" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఊడబెరికినట్టు వచ్చింది. ఆస్పత్రికి ఎంత తొందరగా వెళ్లినా ఇరవై నిమిషాలు. ఆయన ఒక చేత్తో బండి తిప్పుతూ ఇంకో చేత్తో ఆస్పత్రి నంబరు నొక్కుతున్నాడు. అటు ఎవరూ ఎత్తడం లేదు.

"విను" అన్నాను ఫోన్లో. వీలైనంత మెల్లగా. "మందులు అక్కడే వదిలెయ్. పైకి పరుగెత్తు. దారిలో కనబడిన నర్సుని, వార్డుబాయ్‌ని, ఎవరైతే వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లు. గదిలో తమ్ముణ్ని ఆయనతో ఒంటరిగా ఉంచకు. ఎందుకని అడక్కు."

ఆమె అడగలేదు. నాలుగు రోజుల్లో నా మాట ఎదురుప్రశ్న లేకుండా విన్న మొదటి మనిషి. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఒక అంతస్తు. రెండో అంతస్తు. "సిస్టర్, రండి, నాతో రండి" అని ఎవరినో పిలవడం, అవతల ఇంకో ఆడగొంతు ఏమైందమ్మా అనడం. నడవాలో పరుగు. తర్వాత పరుగు ఆగిపోయింది.

ఏదో గట్టిగా కుదిపిన చప్పుడు. మళ్లీ కుదిపిన చప్పుడు.

"అక్కా," అంది, ఊపిరి అందడం లేదు, "తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది."